మోకాలి లోతు నీళ్లలో మేడ

1988 చివర్లో అమెరికాలోని కాన్సస్ సిటీ దగ్గర ఒక మొక్కజొన్న చేలో కొందరు తవ్వకం మొదలుపెట్టారు. దాదాపు 45 అడుగుల లోతున వాళ్లకు ఒక పడవ దొరికింది. దాని పేరు అరేబియా, పొడవు 171 అడుగులు. 1856 సెప్టెంబరులో మిస్సోరి నదిలో వెళుతుండగా నీటి అడుగున దాగిన వాల్‌నట్ మోడు గుచ్చుకుని, నిమిషాల్లో మునిగిపోయిన ఆవిరి పడవ అది. అందులోని 130 మంది దాకా ప్రయాణికులూ బతికి బయటపడ్డారు. కట్టేసి ఉన్న కంచరగాడిద ఒకటి మాత్రం పోయింది. బురదలోంచి బయటపడ్డ సరుకులో బూట్లు, పింగాణీ గిన్నెలు, పనిముట్లతో పాటు ఊరగాయ సీసాలు కూడా ఉన్నాయి. తవ్వినవారిలో ఒకాయన సీసా మూత తీసి రుచి చూశాడు. నూట ముప్పై ఏళ్లు దాటిన ఊరగాయ తిన్నా ఆయనకేమీ కాలేదు.

పడవ చేలోకి ఎలా వచ్చింది? పడవ రాలేదు, నదే అర మైలు పక్కకు జరిగిపోయింది. మిస్సోరి, మిసిసిపి నదులు మెత్తటి ఒండ్రు నేల మీద పారతాయి. ఒక ఒడ్డును కోస్తాయి, రెండో ఒడ్డున మేట వేస్తాయి. కోసిన ఒడ్డు మీది చెట్లు వేళ్లతో సహా నదిలో పడతాయి. వేసవి చివర్లో నీరు తగ్గి, ఇసుక తిన్నెలు పైకి తేలతాయి. ఇలాంటి నది మీద వందల టన్నుల సరుకు మోసే పడవ నడవాలంటే ఎలా ఉండాలి? అమెరికా ఆవిరి పడవల్లో ఇన్ని రకాలు పుట్టింది ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే.

ఆవిరి రాకముందు ఈ నదుల మీద రవాణా ఒకవైపే సులువు. ఒహైయో లోయ రైతులు బల్లపరుపు పడవల్లో పిండి, పంది మాంసం, విస్కీ వేసుకుని ప్రవాహంతో పాటు దిగువకు వెళ్లేవారు. న్యూ ఆర్లీన్స్ చేరాక సరుకు అమ్మేవారు. తర్వాత పడవనూ విడగొట్టి కలప కింద అమ్మేసి, చాలామంది కాలినడకన ఇంటిదారి పట్టేవారు. ఎదురెక్కే పడవలూ ఉండేవి. వాటిని గడకర్రలతో నెడుతూ, ఒడ్డున నడుస్తూ తాళ్లతో లాగుతూ న్యూ ఆర్లీన్స్ నుంచి లూయీవిల్ చేరేసరికి మూడు నాలుగు నెలలు పట్టేది.

ఆవిరితో పడవను నడిపిన మొదటివాడు రాబర్ట్ ఫుల్టన్ అని చాలామంది అనుకుంటారు. అంతకు ముందే, 1790లో, జాన్ ఫిచ్ డెలావేర్ నది మీద ఆవిరి పడవను వేళ ప్రకారం నడిపాడు. ఎక్కేవాళ్లు చాలక మూసుకున్నాడు. ఫుల్టన్ 1807లో హడ్సన్ నది మీద న్యూయార్క్ నుంచి ఆల్బనీకి, 150 మైళ్లు, 32 గంటల్లో చేరాడు. అదీగాక దాన్ని లాభసాటి వ్యాపారంగా నిలబెట్టాడు. 1811లో ఆయన బృందమే పిట్స్‌బర్గ్‌లో ‘న్యూ ఆర్లీన్స్’ అనే పడవ కట్టించి మిసిసిపి మీదికి పంపింది. దారిలో ఆ ప్రాంతం ఎరిగిన అతి పెద్ద భూకంపాలు వచ్చాయి. పడవను నడిపించిన నికొలస్ రూజ్‌వెల్ట్ భార్య లిడియా ఆ ప్రయాణం మధ్యలోనే బిడ్డను కన్నది. 1812 జనవరిలో పడవ క్షేమంగా న్యూ ఆర్లీన్స్ చేరింది.

కానీ తిరిగి పిట్స్‌బర్గ్ రాలేదు. అది హడ్సన్ లాంటి లోతైన నదికి తగిన పడవ. అడుగు లోతుగా, యంత్రం బరువుగా ఉండేది. నాచెజ్ దాటి ఎగువ ప్రవాహాన్ని ఎదుర్కోలేక కింది భాగంలోనే తిరిగింది. 1814లో మోడు గుచ్చుకుని మునిగిపోయింది.

అసలు చిక్కు యంత్రంలో ఉంది. జేమ్స్ వాట్ తరహా యంత్రంలో ఆవిరి ఒత్తిడి చాలా తక్కువ. పని చేసిన ఆవిరిని కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి తిరిగి నీరు చేసే గది)లోకి పంపితే అక్కడ శూన్యం లాంటిది ఏర్పడుతుంది. పిస్టన్ కదలడానికి ఆ శూన్యమే ముఖ్యమైన ఆధారం. ఒత్తిడి తక్కువ కాబట్టి సిలిండరు పెద్దదిగా ఉండాలి. దానితో పాటు కండెన్సరు, పంపులు. అంతా బరువే. బరువు పెరిగితే పడవ నీటిలో లోతుగా దిగుతుంది.

రెండో దారి అధిక పీడన యంత్రం. ఆవిరిని బాయిలర్‌లోనే బాగా బిగబట్టి చిన్న సిలిండర్‌లోకి వదులుతారు. పని అయ్యాక దాన్ని గాలిలోకి ఊదేస్తారు. కండెన్సర్ అక్కర్లేదు. ఈ యంత్రం చవక, తేలిక, ఊళ్లోని కమ్మరి కూడా బాగుచేయగలిగినంత సాదా. కట్టెలు మాత్రం విపరీతంగా తింటుంది. అయితే ఒడ్డు పొడవునా అడవే ఉన్నప్పుడు కట్టెల లెక్క ఎవరు చూస్తారు? ఈ దారిలోనే హెన్రీ ష్రీవ్ నడిపిన ‘ఎంటర్‌ప్రైజ్’ 1815లో న్యూ ఆర్లీన్స్ నుంచి లూయీవిల్‌కు 25 రోజుల్లో ఎదురెక్కింది. మూడు నాలుగు నెలల దూరం నెలలోపుకు వచ్చింది. హడ్సన్ వైపు పడవలు మాత్రం తక్కువ ఒత్తిడి యంత్రాలతోనే చాలాకాలం సాగాయి. వాటికి లోతు కొరత లేదు.

ఇక పడవ ఆకారం. తేలిక యంత్రంతో పని పూర్తి కాదు. పడవ బరువు వీలైనంత వెడల్పు మీద పరుచుకోవాలి. అందుకే అడుగు పళ్లెంలా చదునైంది. సముద్రపు ఓడలా పొట్టలో సరుకు దాచే చోటు లేదు. యంత్రం, బాయిలర్లు, సరుకు అన్నీ నీటిమట్టానికి కాస్త పైన ఉన్న తొలి అంతస్తు మీదికే వచ్చాయి. ప్రయాణికుల గదులు దాని మీద. అధికారుల గదులు ఆ పైన. అన్నిటికీ పైన చుట్టూ అద్దాలతో సరంగు గది. నీటి పైన మేడ, నీటి కింద పళ్లెం. గోదావరి లాంచీ ఎక్కినవారికి ‘సరంగు’ మాట కొత్త కాదు. అమెరికా పైలట్‌కు ఇంతకన్నా దగ్గరి తెలుగు మాట నాకు తోచలేదు.

ఇంత పొడవైన పలచటి అడుగుకు ఒక జబ్బు ఉంది. బాయిలర్ల బరువు ముందు, యంత్రం బరువు వెనక పడితే రెండు కొసలూ కిందికి వాలి, నడుము పైకి లేస్తుంది. దీనికి విరుగుడుగా పడవ పొడవునా, నిలువు స్తంభాల మీదుగా ఇనుప కడ్డీలు వేసి రెండు కొసలకూ బిగించేవారు. నులక మంచం కాళ్లవైపు తాడు బిగించినట్టు, మరలు తిప్పి ఈ కడ్డీలను బిగిస్తే కొసలు మళ్లీ పైకి వచ్చేవి. పాత ఫొటోల్లో పడవల మీద ఏటవాలుగా కనిపించే కడ్డీలు ఇవే. అవి అలంకారం కాదు, పడవ వెన్నెముక.

చక్రం ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. పడవల్ని రకాలుగా విడదీసే మొదటి గీత ఇదే.

పక్క చక్రాల పడవకు రెండు వైపులా రెండు పెద్ద చక్రాలుంటాయి. మిసిసిపి మీద ఒక్కో చక్రానికి ఒక్కో యంత్రం ఉండేది. ఒకదాన్ని ముందుకు, ఒకదాన్ని వెనక్కి తిప్పితే పడవ ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మలుపుల నదికి, రద్దీ రేవులకు ఇది వరం. వేగం కూడా ఎక్కువ. 1870లో ‘రాబర్ట్ ఇ. లీ’, ‘నాచెజ్’ న్యూ ఆర్లీన్స్ నుంచి సెయింట్ లూయిస్‌కు పందెం వేసుకున్నాయి. రెండూ పక్క చక్రాలవే. లీ 3 రోజుల 18 గంటల 14 నిమిషాల్లో గెలిచింది. ఈ రకానికి లోపం వెడల్పు. తేలివచ్చే దుంగలు నేరుగా చక్రాలకు తగులుతాయి.

వెనక చక్రం పడవలో చక్రం పడవ చాటున ఉంటుంది. దుంగలు ముందు పడవకు తగిలి పక్కకు పోతాయి. మొత్తం వెడల్పును సరుకుకే వాడుకోవచ్చు. కట్టడం చవక. చుక్కానులు చక్రానికి ముందు ఉంటాయి. అందుకే చక్రాన్ని వెనక్కి తిప్పితే నీటి జోరు చుక్కానుల మీద పడి, పడవ వెనక్కి జరుగుతూ కూడా మళ్లుతుంది. మొదట్లో బరువైన చక్రం వెనక వేలాడితే పడవ నడుము విరుగుతుందని భయపడ్డారు. ఇనుప కడ్డీల పద్ధతి కుదిరాక అంతర్యుద్ధం (1861–65) తర్వాత ఈ రకమే పైచేయి సాధించింది. మధ్యలో చక్రం దాచిన పడవలూ కొన్ని వచ్చాయి. అంతర్యుద్ధంలో ఇనుప కవచం తొడిగిన యుద్ధ పడవలకు అది పనికొచ్చింది. గుండ్లు చక్రానికి తగలకూడదు కదా.

వెనక చక్రం గొప్పతనం చూడాలంటే మిస్సోరి ఎగువకు వెళ్లాలి. అక్కడ తిరిగేవాటిని ‘పర్వత పడవలు’ అనేవారు. ‘ఫార్ వెస్ట్’ పొడవు 190 అడుగులు. ఖాళీగా ఉంటే నీటిలో 20 అంగుళాలే దిగేది. మనిషి మోకాలి లోతన్నమాట. తిన్నె మీద చిక్కుకుంటే ముందు భాగాన రెండు పక్కలా బలమైన వాసాలు ఇసుకలోకి దించి, ఆవిరి రాట్నంతో తాళ్లు లాగి, పడవ ముందు భాగాన్ని ఎత్తి ముందుకు నెట్టేవారు. కాళ్లు మోపి గెంతే ఈ పద్ధతికి మిడత పేరే పెట్టారు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ పోరాటంలో గాయపడ్డ సైనికుల్ని ఈ పడవే, గ్రాంట్ మార్ష్ సారథ్యంలో, 700 మైళ్లకు పైగా 54 గంటల్లో దిగువకు చేర్చింది.

ఇలాంటి నీళ్లలో లోతు తెలియడమే ప్రాణం. ముందు నిలబడ్డ మనిషి సీసం గుండు కట్టిన తాడు వేసి లోతు కేకేసేవాడు. కొలత మన బారే. చేతులు రెండూ చాచిన దూరం, ఆరు అడుగులు. రెండు బారలుంటే పెద్ద పడవకు భయం లేదు. ఆ కేక ‘మార్క్ ట్వెయిన్’. 1859లో సరంగు లైసెన్సు తీసుకున్న శామ్యూల్ క్లెమెన్స్ రచయిత అయ్యాక ఆ కేకనే కలం పేరుగా పెట్టుకున్నాడు. అతని తమ్ముడు హెన్రీ ఆ లైసెన్సుకు ముందు ఏడాదే ‘పెన్సిల్వేనియా’ అనే పడవ బాయిలర్ పేలి చనిపోయాడు.

బాయిలర్లు ఎందుకు పేలేవి? లోతు తక్కువ నదికోసం ఎంచుకున్న అధిక పీడనం ఇక్కడ వెల అడిగింది. మూడు నాలుగు బాయిలర్లను పక్కపక్కన పడుకోబెట్టి, గొట్టాలతో కలిపేవారు. రేవు రాగానే జనమంతా ఒక పక్కకు చేరితే పడవ వాలుతుంది. ఎత్తయిన వైపు బాయిలర్‌లోని నీరు పల్లం వైపు జారిపోతుంది. కింద మంట మండుతూనే ఉంటుంది. నీరు తగలని ఇనుము ఎర్రగా కాలి బలహీనపడుతుంది. పడవ సరిగ్గా నిలవగానే నీరు తిరిగివచ్చి కాలిన ఇనుము మీద పడి ఒక్కసారిగా ఆవిరవుతుంది. తొలి పడవల్లో ఇంకో లోపం కూడా ఉండేది. బాయిలర్‌కు నీరు తోడే పంపు ప్రధాన యంత్రంతోనే నడిచేది. రేవులో యంత్రం ఆగితే నీళ్లూ ఆగేవి. తర్వాత విడిగా నడిచే పంపు పెట్టారు. దానికి కార్మికులు పెట్టిన పేరు ‘డాక్టర్’. నీటిలోని బురద బాయిలర్ అడుగున గట్టి పొరలా పేరుకోవడం ఈ ప్రమాదాలకు తోడయ్యేది.

1852 చట్టం బాయిలర్లను నీటి ఒత్తిడితో పరీక్షించాలని, పైలట్లకు, ఇంజనీర్లకు లైసెన్సు ఉండాలని చెప్పింది. ప్రైవేటు వ్యాపారం మీద అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇలా చేయి వేయడం అప్పటికి కొత్త. చట్టం వచ్చాకా ‘సుల్తానా’ పేలింది. 1865 ఏప్రిల్ 27న, మెంఫిస్‌కు కాస్త ఎగువన. 376 మందికి అనుమతి ఉన్న పడవలో 2,000 మందికి పైగా ఉన్నారు. ఎక్కువమంది అంతర్యుద్ధంలో శత్రువులకు పట్టుబడి, చెరనుంచి విడుదలై ఇంటికి వెళుతున్న సైనికులు. తలకు ఇంతని ప్రభుత్వం కిరాయి ఇస్తుంది కాబట్టి కుక్కి ఎక్కించారు. కారుతున్న బాయిలర్‌కు విక్స్‌బర్గ్‌లో హడావుడిగా అతుకు వేశారు. 1,100 మందికి పైగా చనిపోయారు. అధ్యక్షుడు లింకన్ హత్య జరిగి రెండు వారాలు కాలేదు. పత్రికల్లో ఈ వార్తకు చోటు చాల్లేదు.

పడవల సరుకు గురించి ఒక మాట చెప్పకపోతే బొమ్మ సగమే. దిగువ మిసిసిపి పడవల మీద మేడ ఎత్తున పేర్చిన పత్తి బేళ్లు బానిసలు పండించినవి. ఎగువన కొన్న బానిసల్ని దిగువ తోటలకు అమ్మడానికి తీసుకెళ్లిందీ ఈ పడవల మీదే. 1837లో సొంత నేల నుంచి గెంటివేసిన క్రీక్ తెగవారిని తీసుకెళుతున్న ‘మన్మౌత్’ మరో పడవను ఢీకొని, 300 మందికి పైగా చనిపోయారు. ఫొటోల్లోని తెల్లటి మేడల వెనక ఇదంతా ఉంది.

పనిని బట్టి చూస్తే రకాలు వేరు. సరుకూ జనాన్నీ కలిపి మోసేవి ప్యాకెట్లు. నాటకం పడవకు సొంత యంత్రమే ఉండదు. అది తేలే రంగశాల, వెనక చిన్న పడవ నెడుతుంది. అన్నిటికంటే విచిత్రమైనది మోళ్లు పీకే పడవ. 1829లో ష్రీవ్ రెండు పడవల్ని పక్కపక్కన కలిపి, మధ్య బలమైన దూలం బిగించి ‘హీలియోపొలిస్’ తయారుచేశాడు. మోడును దూలంతో గుద్ది కదిలించి, ఆవిరి రాట్నంతో పైకి లాగి, అక్కడే రంపంతో కోసేసేది. రెడ్ నదిలో నూరు మైళ్లకు పైగా పేరుకున్న దుంగల గుట్టను 1830లలో ఆయన ఇలాంటి పడవలతోనే తొలగించాడు. అక్కడ వెలసిన ఊరు ష్రీవ్‌పోర్ట్.

రైలు వచ్చాక ప్యాకెట్ల రోజులు తీరాయి. 1856లో మిసిసిపి మీద తొలి రైలు వంతెన రాక్ ఐలండ్ దగ్గర లేచింది. రెండు వారాలకే ‘ఎఫీ ఆఫ్టన్’ అనే పడవ దాన్ని ఢీకొని కాలిపోయింది. పడవ యజమానులు దావా వేశారు. వంతెన తరఫున వాదించిన న్యాయవాదుల్లో అబ్రహాం లింకన్ ఒకరు. జ్యూరీ తేల్చలేకపోయింది. తీర్పు రాకపోయినా వ్యాపారం రైలు వైపే నడిచింది. రైలు ఎండాకాలం ఆగదు, మంచుకు ఆగదు, మోడు గుచ్చుకోదు. అయినా 1914లో కట్టిన ‘బెల్ ఆఫ్ లూయీవిల్’ నేటికీ విహారయాత్రలకు ఆవిరితోనే తిరుగుతోంది.

పనిలో మిగిలింది తోపుడు పడవ. పేరుకు ‘టోబోట్’, అంటే లాగే పడవ. చేసేది నెట్టడం. తాడుతో లాగితే వెనక బల్లకట్లు మలుపుల్లో పక్కకు ఊగి ఒడ్డును గుద్దుతాయి. వాటన్నిటినీ ఒకదానికొకటి బిగించి కట్టి వెనక నుంచి నెడితే మొత్తం ఒకే వస్తువులా తిరుగుతుంది. దీనికి వెనక చక్రం బాగా కుదిరింది. 1901లో నీటికి దిగిన ‘స్ప్రేగ్’ 1907లో 60 బల్లకట్ల బొగ్గును, 67,000 టన్నులకు పైగా, ఒక్కసారి నెట్టుకెళ్లింది. 1948లో పని మానింది. విక్స్‌బర్గ్ రేవులో మ్యూజియంగా ఉంటూ 1974లో కాలిపోయింది. ఇప్పుడు ఆ పనిని డీజిల్ పడవలు చేస్తున్నాయి. చక్రం పోయి నీటి అడుగున ప్రొపెల్లర్ వచ్చింది. మొక్కజొన్న, సోయా, బొగ్గు నింపిన బల్లకట్లు ముందు, పడవ వెనక.