మాస్కో నగర చిత్రశాల

రాజుల విజయములను, దేవతల వైభవమును చూపు పటములు లోకమున అనేక చిత్రశాలలలో కలవు. పల్లెబాటను, పేద రైతును, చలిలో నీరు మోయు బాలురను చిత్రించిన పటములను ఏరి కూర్చి, వానికొక గృహము నిర్మించి, దానిని నగర ప్రజలకు దానము చేసిన వర్తకుడొకడు రష్యా దేశమున నుండెను. అతని పేరు పావెల్ ట్రెత్యకోవ్. అతని పేరు వహించిన చిత్రశాల మాస్కో నగరమున, నదికి దక్షిణముగా, ఒక చిన్న వీథిలో నున్నది.

ట్రెత్యకోవ్ 1832లో మాస్కోలో జన్మించెను. బట్టల వ్యాపారము అతని వృత్తి. 1856లో అతడు తన దేశపు చిత్రకారుల పటములను కొన నారంభించెను. 1860లో, ముప్పది యేండ్లు నిండకమునుపే, మరణశాసనము వ్రాసి, మాస్కోలో ఎల్లరును చూడదగిన చిత్రశాలను స్థాపించుటకై 1,50,000 రూబుళ్లు కేటాయించెను.

ఆ కాలమున రష్యాలో చక్రవర్తి పోషణలోని కళాపీఠము చెప్పినదే శాస్త్రము. ప్రాచీన గాథలను చిత్రించినవారికే అచట బహుమతులు లభించుచుండెను. 1863లో పదునలుగురు విద్యార్థులు, తమకు నచ్చిన విషయమును చిత్రించుటకు అనుమతి లభింపనందున, ఆ కళాపీఠమును విడిచి వెలుపలికి వచ్చిరి. 1870లో చిత్రకారుల సంఘమొకటి ఏర్పడి, తమ పటములను ఊరూరికి గొనిపోయి ప్రదర్శింపసాగెను. వారికి ‘సంచార చిత్రకారులు’ అని పేరు వచ్చెను. వారి పటములను కొని, వారిని నిలిపినవారిలో ట్రెత్యకోవ్ ముఖ్యుడు.

చిత్రశాల ముఖభాగము జానపద కథలలోని కోటను తలపించును. దానిని రూపొందించినవాడు వాస్నెత్సోవ్ అను చిత్రకారుడు. లోపలి గదులలో సందర్శకుని కన్నులు మొదట వెదకునవి వింతలే. కాని సవ్రాసోవ్ 1871లో చిత్రించిన ‘కాకులు తిరిగి వచ్చినవి’ అను పటమున వింత యేమియు లేదు. కరగుచున్న మంచు, వంకర కొమ్మల చెట్లు, వానిపై గూళ్లు కట్టుకొను పక్షులు, వెనుక నొక పల్లె దేవాలయము మాత్రమే కలవు. దీర్ఘమైన శీతకాలము గడచి వసంతము వచ్చుచున్నదను ఆనందము ఆ పటమంతట నిండియున్నది. మరియొక గదిలో మన ఆగ్రాలోని తాజమహలు కానవచ్చును. 1874 మొదలు 1876 వరకు భారతదేశమున సంచరించిన వెరెష్చాగిన్ దానిని చిత్రించెను.

బాలబాలికలు ఎక్కువసేపు నిలిచి చూడదగిన పటము పెరోవ్ 1866లో చిత్రించిన ‘త్రోయికా’. త్రోయికా యనగా మూడు గుఱ్ఱములు లాగు బండి. ఈ పటమున గుఱ్ఱములు లేవు. ఇద్దరు బాలురు, ఒక బాలిక మంచు గాలిలో, గడ్డకట్టిన వీథిపై, పెద్ద నీటి తొట్టిని లాగుచున్నారు. పొంగి పొరలిన నీరు తొట్టి చుట్టు మంచుగా పేరుకొనియున్నది. వీరు పని నేర్చుకొనుటకు యజమానుల యిండ్ల చేరిన పేదల బిడ్డలు. ఆ పటమునకు పెట్టిన పేరే ఒక ప్రశ్న. బిడ్డలచేత పశువుల పని చేయించు సమాజము ఎట్టిది?

ఈ పటమును గూర్చి పెరోవ్ తానే ఒక వృత్తాంతము వ్రాసెను. నడుమనున్న బాలునికి తగిన ముఖము దొరకక వెదకుచుండగా, యాత్రకు పోవుచున్న ఒక పల్లెటూరి స్త్రీయు, ఆమె కుమారుడు వాస్యయు అతనికి కనబడిరి. తల్లి మొదట సందేహించి, పిదప సమ్మతించెను. పెరోవ్ ఆ బాలుని చిత్రించెను. కొన్నియేండ్లకు ఆ తల్లి మరల వచ్చినది. వాస్య మశూచితో మరణించెను. ఇంటనున్న వస్తువులను అమ్మి, డబ్బు కూడబెట్టి, కుమారుని పటమును కొనుటకై ఆమె వచ్చెను. అది ట్రెత్యకోవ్ యింటనున్నదని చెప్పి, పెరోవ్ ఆమెను అచటికి తోడ్కొనిపోయెను. ఎవ్వరును చూపకముందే ఆమె తన బిడ్డను గుర్తించి, పటము ముందు మోకరిల్లి చాలసేపు ప్రార్థించుచు విలపించెను. పిదప పెరోవ్ ఆ బాలుని రూపమును వేరుగా చిత్రించి ఆమెకు పంపెను.

ఆ పటము తలుపులు మూసిన యింటిలోనే ఉండినచో ఆమె గతి యేమి? ధనికులు పటములను కొని తమ గదులలో దాచుకొనుట లోకరీతి. ట్రెత్యకోవ్ 1892లో, తమ్ముడు సెర్గేయ్ మరణించిన పిదప, అతని సేకరణతో కూడ తన చిత్రశాల నంతయు మాస్కో నగరమునకు దానము చేసెను. రష్యన్ చిత్రకారుల పటములే అందు 1,200కు పైగా నుండెను. మరుసటి సంవత్సరము అది రుసుము లేకుండ ఎల్లరకును తెరువబడెను. 1898లో మరణించువరకు అతడు దాని సంరక్షకుడుగా పనిచేసెను. 1941లో యుద్ధము మాస్కోను సమీపించినప్పుడు పటములను సైబీరియాకు తరలించి కాపాడిరి. 1945లో చిత్రశాల మరల తెరువబడెను.

చిత్రశాలకు పోవువారు ఒక్కదినముననే అన్నిటిని చూడవలెనని తొందరపడరాదు. ఒక్క పటము ముందైనను నిలిచి, అందలి మనుష్యులు ఎవరు, ఏమి చేయుచున్నారు, ఏల చేయుచున్నారు అని ఆలోచింపవలెను. అట్లు చూచువానికి, దూరదేశపు అజ్ఞాత బాలుడగు వాస్య కూడ పరిచితుడగును.