అమ్మానాన్నలకు వ్యాయామం: ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్కడ ఆపాలి?

ఊళ్లో ఉన్నప్పుడు అమ్మానాన్నలు వ్యాయామం అని వేరే చేసేదేమీ ఉండదు. పొద్దున్నే పాల ప్యాకెట్లు, రైతు బజారు, గుడి, డాబా మీద బట్టలు ఆరేయడం. తెలియకుండానే బోలెడు నడక అయిపోతుంది. అమెరికా వచ్చాక మనం ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు వెళ్లిపోతే వాళ్లకు మిగిలేది సోఫా, టీవీ. ఆరు నెలలు ఇలా గడిస్తే కాళ్లలో బలం తగ్గిపోతుంది. వచ్చేటప్పుడు భాష రాదని అడిగిన వీల్‌చైర్, వెళ్లేటప్పుడు నిజంగానే అవసరమవుతుంది.

అలాగని చేతికి వాచీ కట్టి మొదటి రోజే పదివేల అడుగులు వేయించడం కూడా ప్రమాదమే. ఒక పద్ధతిలో వెళ్దాం.

ముందు మందుల చిట్టా చూడండి

అక్కడి డాక్టర్‌తో ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడండి. ఛాతీ నొప్పి, ఈమధ్య వేసిన స్టెంట్, కారణం తెలియని కళ్లు తిరగడం, పడిపోవడం లాంటివి ఉంటే డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. మెటోప్రొలాల్, ఎటెనొలాల్ లాంటి మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. కాబట్టి వాచీలో కనిపించే అంకెను నమ్ముకోవద్దు. ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వాడేవాళ్లకు నడకలో షుగర్ పడిపోవచ్చు. ముందే చూసుకుని, 90 కంటే తక్కువుంటే ఏదైనా తిన్నాకే బయల్దేరాలి. జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి.

ఇప్పుడెంత బలం ఉందో తెలుసుకోండి

చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి వేయండి. చేతులు రెండూ ఛాతీ మీద పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీరు పక్కనే నిలబడాలి. అమెరికా సీడీసీ లెక్క ప్రకారం 70-74 ఏళ్ల మగవాళ్లు 12 కన్నా, ఆడవాళ్లు 10 కన్నా తక్కువసార్లు లేస్తే పడిపోయే ముప్పు ఎక్కువున్నట్టు. చేతుల సాయం తీసుకుంటే సున్నా కిందే లెక్క.

వారానికి ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాల బలం పెంచేవి, మూడు రోజులు బ్యాలెన్స్ పెంచేవి చేయాలంటుంది. అది గమ్యం, మొదటి వారం లెక్క కాదు.

నడక: పూటకు 10 నిమిషాలతో మొదలుపెట్టి, ఒంటికి పడితే వారానికి కొద్దికొద్దిగా పెంచండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. సరైన వేగం అదే.

బలం: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడను రెండు చేతులతో నెట్టడం, కిచెన్ కౌంటర్ పట్టుకుని మడమలు లేపడం. ఒక్కోటి 8 నుంచి 10 సార్లు. ఊపిరి బిగపట్టకూడదు.

బ్యాలెన్స్: కౌంటర్ పట్టుకుని ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి 10 సెకన్లు నిలబడాలి. కుదిరాక ఒక చేత్తో, తర్వాత ఒక్క వేలితో పట్టుకోవాలి.

ఎముకలు గుల్లబారినవాళ్లు నడుం బాగా వంచి కాలివేళ్లు అందుకోవడం, ఒళ్లు గట్టిగా మెలితిప్పడం మానాలి. సూర్య నమస్కారాలు అలవాటున్నా డాక్టర్‌ను అడిగాకే.

ఎప్పుడు ఆపాలి?

మర్నాడు కాస్త ఒళ్లు నొప్పులుంటే కంగారు లేదు. మోకాలు వాచినా, నొప్పి తగ్గకుండా ఉన్నా తగ్గించాలి. కళ్లు తిరిగినా, మామూలు కన్నా ఎక్కువ ఆయాసం వచ్చినా వెంటనే కూర్చోబెట్టాలి. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే 911కు ఫోన్ చేయండి. "బిల్లు ఎంతవుతుందో, నీకు భారం ఎందుకు" అని నొప్పిని దాచుకునే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎక్కువ. దాచొద్దని ముందే చెప్పండి. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో ఇప్పుడే చదివి పెట్టుకోండి.

చలికాలంలో మంచు మీద నడక వద్దు. చాలా మాల్స్ దుకాణాలు తెరవకముందే నడిచేవాళ్లను లోపలికి రానిస్తాయి. హవాయి చెప్పులు కాకుండా మడమను పట్టి ఉంచే బూట్లు కొనివ్వండి. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడకుండా చూడండి.

"పొద్దస్తమానం వంటింట్లో నిలబడుతున్నా కదరా, ఇంకా వ్యాయామం ఎందుకు?" అని అమ్మ అంటుంది. వాదించకండి. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పకుండా "పదమ్మా, ఓ పది నిమిషాలు తిరిగొద్దాం" అనండి. ఎంత మంచి ప్రణాళికైనా పక్కన మనిషి తోడుంటేనే నిలబడుతుంది.