హైదరాబాద్ మెట్రో: ట్రైను బయట పోయే నిమిషాలు

మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, యాభై నిమిషాల పైచిలుకు ప్రయాణం. అదే దూరం సాయంత్రం ఆరింటికి రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. 2017 నవంబరు 29 నుంచి జనాన్ని ఎక్కించుకుంటున్న హైదరాబాద్ మెట్రో ఈ నగరానికి చేసిన పెద్ద మేలు ఇదే: ఎన్నింటికి చేరతామో బయల్దేరేటప్పుడే తెలియడం. ఇప్పుడు మూడు లైన్లు, 57 స్టేషన్లు, 69 కిలోమీటర్లు. రోజూ నాలుగైదు లక్షల మంది ఎక్కుతున్నారు. అందుకే దీన్ని ఎలా బాగుచేయాలో ప్రతి ప్రయాణికుడికీ ఒక అభిప్రాయం ఉంది, ఉండాలి కూడా. అయితే ప్లాట్‌ఫామ్ మీద తరచూ వినపడే మాటల్లో కొన్ని సరైనవి కావు. వాటిని నమ్ముకుంటే అడగాల్సింది వదిలేసి ఇంకేదో అడుగుతాం.

అపోహ: ట్రైను ఇంకాస్త వేగంగా నడిపితే అందరికీ టైము కలిసొస్తుంది

వాస్తవం: మన మెట్రో గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. దాన్ని 90 చేశారనుకుందాం. ఎంత మిగులుతుందో కాగితం మీద లెక్క వేసి చూడొచ్చు. మియాపూర్-ఎల్బీనగర్ రెడ్ లైన్‌లో ఒక స్టేషన్‌కీ ఇంకో స్టేషన్‌కీ మధ్య దూరం సగటున 1,100 మీటర్లు. ట్రైను ప్రతి సెకనుకూ సెకనుకు ఒక మీటరు చొప్పున వేగం పెంచుకుంటుందని అనుకుంటే, 80 అందుకోవడానికే పావు కిలోమీటరు పోతుంది. మళ్లీ ఆగడానికి ఇంకో పావు. అంటే దాదాపు సగం దారి వేగం అందుకోవడంలో, తగ్గించుకోవడంలోనే అయిపోతుంది. మిగిలిన సగంలో 80కి బదులు 90తో వెళ్లినా, ఒక్కో స్టేషన్ దగ్గర మిగిలేది మూడు సెకన్లలోపే. మియాపూర్‌లో ఎక్కి చివరిదాకా వెళ్లే మనిషికి మొత్తం కలిపి నిమిషం మీద పది సెకన్లు. పది స్టేషన్ల దూరం వెళ్లేవారికి అర నిమిషం కూడా కాదు.

ఇప్పుడు తలుపుల సంగతి చూడండి. మూసుకుంటున్న తలుపులో ఒకరు బ్యాగు అడ్డుపెట్టారు, స్నేహితుడి కోసం ఇంకొకరు కాలు పెట్టారు. స్టేషన్‌కు అయిదు సెకన్లు ఆలస్యమైనా 26 చోట్ల కలిపి రెండు నిమిషాలు దాటుతుంది. వేగం పెంచి సంపాదించిందంతా పోయి, పైగా అప్పు పడుతుంది.

మరి కొన్ని స్టేషన్లలో ఆగకుండా ఎక్స్‌ప్రెస్‌లు నడపొచ్చు కదా అంటారు. రైల్వేలో గూడ్సు బండిని పక్క లైన్లో ఆపి ఎక్స్‌ప్రెస్‌ను ముందుకు పంపినట్టు ఇక్కడ కుదరదు. పిల్లర్ల మీద ఉన్నవి రెండే పట్టాల జతలు, ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి. ఆగకుండా వచ్చిన ట్రైను రెండు మూడు స్టేషన్ల తర్వాత ముందున్న ట్రైను వెనక చేరి నిలబడాల్సిందే.

అపోహ: కిక్కిరిసిన ట్రైను వెనకే ఖాళీ ట్రైను వస్తోందంటే ట్రైన్లకు కొదవ లేదన్నట్టే

వాస్తవం: ఈ దృశ్యం చూడని ప్రయాణికుడు ఉండడు. అమీర్‌పేటలో ఊపిరాడని ట్రైను ఒకటి వెళ్తుంది, రెండు నిమిషాలకే సగం ఖాళీతో ఇంకొకటి వస్తుంది. చాలామంది దీన్ని చూసి జనానికి ఓపిక లేదంటారు. జనం తప్పు కాదది. రెండు ట్రైన్ల మధ్య ఎడం చెదిరిపోయిందనడానికి అది గుర్తు.

పన్నెండు నిమిషాల్లో రెండు ట్రైన్లు రావాలి. సరిగ్గా ఆరేసి నిమిషాలకు ఒకటి వస్తే, ఎప్పుడో ఒకప్పుడు ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చే మనిషి సగటున మూడు నిమిషాలు ఎదురుచూస్తాడు. అవే రెండు ట్రైన్లు ఒకసారి పది నిమిషాలకు, ఇంకోసారి రెండు నిమిషాలకు వచ్చాయనుకోండి. పన్నెండు నిమిషాల్లో వచ్చే జనంలో ఆరింట అయిదు వంతుల మంది ఆ పది నిమిషాల ఎడంలోనే వచ్చి పడతారు. వాళ్లకు సగటున అయిదు నిమిషాల నిరీక్షణ. అందరినీ కలుపుకుని లెక్కవేస్తే సగటు నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. ట్రైన్ల సంఖ్య మారలేదు, ఎదురుచూపు మాత్రం దాదాపు సగం పెరిగింది. మొదటి ట్రైనుకు రెండో ట్రైను కంటే అయిదు రెట్ల జనం ఎక్కుతారు. ఎక్కువమంది ఎక్కాలి కాబట్టి అది ప్రతి స్టేషన్‌లో ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది, ఇంకా వెనకబడుతుంది. వెనకది దాన్ని తరుముకొస్తుంది.

అందుకే గంటకు ఎన్ని ట్రైన్లు నడిపారన్న అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. సమానమైన ఎడంతో నడిచాయా లేదా అన్నదే ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డ మనిషి అనుభవాన్ని నిర్ణయిస్తుంది. ప్రయాణికుల సంఖ్య చెప్పినట్టే ఈ ఎడం ఎంత క్రమంగా ఉందో కూడా స్టేషన్ల వారీగా ప్రకటిస్తే బాగుంటుందని గట్టిగా అనిపిస్తుంది. దిగేవాళ్లను దిగనిచ్చి, తలుపుకు రెండు పక్కలా నిలబడమని చెప్పే సిబ్బంది రద్దీ వేళల్లో చేసే పని కూడా క్రమశిక్షణ కోసం మాత్రమే కాదు. వాళ్లు మిగిల్చే సెకన్లు వెనక స్టేషన్లలో నిలబడ్డవాళ్ల నిమిషాలు.

అపోహ: ఉన్న ట్రైనుకు ఇంకో రెండు బోగీలు తగిలిస్తే సరి

వాస్తవం: మూడు కోచ్‌లు చాలడం లేదన్న మాట నిజమే. ఒక్కో ట్రైను పట్టేది సుమారు వెయ్యి మందిని. ఆరు కోచ్‌ల ట్రైను ఆగేంత పొడవుతోనే ప్లాట్‌ఫామ్‌లు కట్టారు కూడా. అపోహ ఎక్కడంటే, తగిలించడం అన్న మాట దగ్గర. పాత రైలుపెట్టెలా కొక్కెం వేసి లాక్కుపోయేది కాదిది. దక్షిణ కొరియాకు చెందిన హ్యుందాయ్ రోటెమ్ తయారుచేసిన ఈ మూడు కోచ్‌లూ కలిసి ఒకే యంత్రం. చివరల ఉన్న రెండింటిలో మోటార్లు, క్యాబిన్లు ఉంటాయి, నడుమది వాటితో కలిసి నడిచేది. బ్రేకులు, తలుపులు, సిగ్నల్ పరికరాలు అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. కొత్త కోచ్ చేరితే వాటన్నిటినీ మళ్లీ సరిచూడాలి, మెట్రో రైలు భద్రతా కమిషనర్ అనుమతి పొందాలి. పట్టాల వెడల్పు, సిగ్నల్ పద్ధతి కలవకపోతే వేరే నగరం నుంచి అరువు తెచ్చుకోవడమూ కుదరదు. ఆర్డరు ఇచ్చిన రోజుకూ కోచ్ పట్టాలెక్కే రోజుకూ మధ్య చాలా కాలం పడుతుంది కాబట్టే ఆ నిర్ణయం రద్దీ మొదలయ్యాక కాదు, ముందే జరగాలి.

అపోహ: ముందు కూర్చున్న డ్రైవరే బండి నడుపుతాడు, ఆలస్యం ఆయన వల్లే

వాస్తవం: మామూలు సమయాల్లో వేగం పెంచడం, తగ్గించడం, ప్లాట్‌ఫామ్ దగ్గర సరిగ్గా ఆపడం కంప్యూటర్ల పని. ప్రతి ట్రైనూ తానెక్కడుందో రేడియో ద్వారా ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటే, దాన్నిబట్టి వెనక ట్రైను ఎంత దగ్గరికి రావచ్చో లెక్క తేలుతుంది. ఈ పద్ధతిని సీబీటీసీ అంటారు. అన్ని లైన్ల మీదా ఉప్పల్‌లోని కంట్రోల్ సెంటర్ కన్నేసి ఉంచుతుంది. క్యాబిన్‌లోని ఉద్యోగి తలుపులు, ముందున్న పట్టాలు, ప్రయాణికుల భద్రత చూసుకుంటాడు.

అపోహ: మెట్రో వచ్చినా ట్రాఫిక్ తగ్గలేదు, కాబట్టి డబ్బు దండగ

వాస్తవం: ఖాళీ అయిన రోడ్డు ఖాళీగా ఉండదు. కొందరు మెట్రో ఎక్కగానే మిగిలిన చోటును చూసి ఇంకొందరు కారు తీస్తారు. ప్రపంచంలో చాలా పెద్ద నగరాల్లో ఇదే జరిగింది. చూడాల్సింది రోడ్డు ఎంత ఖాళీ అయిందన్నది కాదు, ఆ రోడ్డును నమ్ముకోకుండా ఎంతమంది పనికి వెళ్లగలుగుతున్నారన్నది. పంజాగుట్టలో కింద బండ్లు కదలకపోయినా పైన ట్రైను తన టైముకు వెళ్తుంది.

అపోహ: స్టేషన్ గేటు దాటితే ప్రయాణం అయిపోయినట్టే

వాస్తవం: అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. నాగోలు నుంచి రాయదుర్గం దాకా హాయిగా వచ్చిన మనిషి, అక్కడి నుంచి ఆఫీసుకు చేరడానికి ఆటో బేరంలో, షటిల్ క్యూలో, తెగిపోయిన ఫుట్‌పాత్ మీద ఎంతసేపు గడుపుతున్నాడు? ట్రైనులో మూడు సెకన్ల కోసం వాదించే మనం రోడ్డు దాటడానికి పోయే అయిదు నిమిషాలను లెక్కలోకే తీసుకోం. స్టేషన్‌లో లిఫ్టు పనిచేస్తున్నా, దాని దాకా చేరే దారిలో అడుగెత్తు గట్టు ఉంటే చక్రాల కుర్చీలో వచ్చినవారికి ఆ లిఫ్టు లేనట్టే.

డబ్బు లెక్క కూడా ఇంతే. 2017లో 10 నుంచి 60 రూపాయలున్న టికెట్‌ను 2025 మేలో 12 నుంచి 75 చేశారు. నిరసనలు రావడంతో కొద్దిరోజులకే పది శాతం తగ్గించారు. ప్రయాణికుడు మాత్రం టికెట్ ఒక్కటే చూడడు, ఇంటి దగ్గర ఆటో, టికెట్, దిగాక మళ్లీ ఆటో, మూడూ కలిపి చూస్తాడు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులతోపాటు సాధారణ సిటీ బస్సుల్లోనూ మహిళలకు ప్రయాణం ఉచితం. అందువల్ల ఈ లెక్క ఇంకా మారింది. బస్సును మెట్రోకు పోటీ అనుకోకుండా స్టేషన్ దాకా తెచ్చే దారిగా మలిస్తే రెండింటికీ ప్రయాణికులు పెరుగుతారు. ఉప్పల్ కూడలిలో 2023లో తెరిచిన స్కైవాక్ రోడ్డుకు అన్ని వైపుల నుంచీ మనిషిని నేరుగా స్టేషన్‌కు చేరుస్తుంది. ఇలాంటివి ఇంకా ఎన్నో స్టేషన్ల దగ్గర రావాలి.

ఎంఎంటీఎస్ లోకల్ రైలు దిగి మెట్రోకు మారాలనుకునేవారికీ ఒక మాట. హైటెక్ సిటీ పేరుతో రెండు స్టేషన్లున్నాయి, ఒకటి మెట్రోది, ఒకటి దక్షిణ మధ్య రైల్వేది. పేరొక్కటే అయినా ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లేంత దగ్గర కాదు.

అపోహ: గ్రీన్ లైన్‌లో జనమే లేరు, పాతబస్తీకి మెట్రో ఎందుకు?

వాస్తవం: గ్రీన్ లైన్‌ను జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి పాతబస్తీలోని ఫలక్‌నుమా దాకా అనుకున్నారు. 2020 ఫిబ్రవరి 7న మొదలైంది ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకానే, 11 కిలోమీటర్లు, 9 స్టేషన్లు. ఆ తర్వాతి నెలలోనే కోవిడ్‌తో మెట్రో మొత్తం ఆగిపోయింది. సగంలో తెగిన లైను మీద జనం తక్కువున్నారని, ఆ లైనును పూర్తి చేయొద్దనడం న్యాయం కాదు. 9 స్టేషన్ల మధ్య ట్రైను మారకుండా వెళ్లగల జతలు 36. ఇంకో నాలుగు స్టేషన్లు చేరితే అవి 78 అవుతాయి. స్టేషన్లు సగానికంటే తక్కువే పెరిగినా, నేరుగా వెళ్లగల జతలు రెండింతలకు పైగా పెరుగుతాయి.

ఈ లైను చార్మినార్‌ను ఆనుకుని పోతుందన్న భయం కూడా సరికాదు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, శాలిబండల మీదుగా దారి ఖాయమైంది. 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా అయిదున్నర కిలోమీటర్లు. శాలిబండలో ఉండే మనిషి నాంపల్లికో కూకట్‌పల్లికో మెట్రోలో వెళ్లాలంటే ముందు ఎంజీబీఎస్ దాకా ఆటోలోనో బస్సులోనో రావాలి, అదీ మదీనా కూడలి దగ్గరి ట్రాఫిక్ దాటుకుని.