సొసైటీకైతే కేటాయింపు, బస్తీకైతే ఆక్రమణ: జూబ్లీహిల్స్ నేల చరిత్ర

జూబ్లీహిల్స్ గురించి మనకు తరచూ వినిపించే కథ ఒకటే. రాళ్లగుట్టలు తప్ప ఏమీ లేని చోట కొందరు ముందుచూపుతో కాలనీ కట్టారు, సినిమా వచ్చింది, నేల బంగారమైంది. ఈ కథలో రాళ్లు కొట్టినవాళ్లు లేరు. నేల ఎవరి చేతికి ఏ కాగితంతో వచ్చిందన్న ప్రశ్నా లేదు.

1960ల తొలినాళ్లలో చల్లగళ్ల నరసింహారెడ్డి చొరవతో జూబ్లీహిల్స్ కో-ఆపరేటివ్ హౌస్ బిల్డింగ్ సొసైటీ ఏర్పడింది. ప్రభుత్వం దానికి దాదాపు 1,400 ఎకరాలు ఇచ్చింది. సభ్యులకు ప్లాట్లు దక్కాయి. తర్వాత తెలుగు సినిమాను మద్రాసు నుంచి రప్పించడానికి ప్రభుత్వం రాయితీలు, స్థలాలు ఇచ్చింది. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. 1980ల్లో ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియోస్ వచ్చింది.

ఇన్ని కట్టడాలకు కూలీలు కావాలి. బండ పగలగొట్టే వడ్డెరలు, పునాదులు తీసే పాలమూరు కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, సెట్లు వేసేవాళ్లు, లైట్లు మోసేవాళ్లు కావాలి. వాళ్ల ఇళ్లకు ఏ ప్లానులోనూ చోటు లేదు. జ్ఞానీ జైల్‌సింగ్ నగర్, దీన్‌దయాళ్ నగర్ లాంటి బస్తీలు ఫిలింనగర్ గుట్టల మీద అలా నిలిచినవే. జూనియర్ ఆర్టిస్టులు కృష్ణానగర్ అద్దె గదుల్లో సర్దుకున్నారు.

రెండూ ప్రభుత్వ నేలలే. సొసైటీకి అందితే దాని పేరు కేటాయింపు. పేదలు గుడిసె వేసుకుంటే ఆక్రమణ. తెలంగాణ ప్రభుత్వం 2014 డిసెంబర్‌లో జీవో 58 తెచ్చింది. అభ్యంతరం లేని ప్రభుత్వ స్థలాల్లో ఇళ్లు కట్టుకున్న పేదలకు 125 చదరపు గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరణ అంది. కానీ ఆ ఏడాది జూన్ 2 నాటికే అక్కడున్నామని అప్పట్లో పేదలే రుజువు చూపాల్సి వచ్చింది. కరెంటు బిల్లు దాచుకోని కుటుంబం పరిస్థితేమిటి?

తప్పు సహకార పద్ధతిది కాదు. సినీ కార్మికులూ సొసైటీ పెట్టుకుని మణికొండలో చిత్రపురి కాలనీ సాధించుకున్నారు. అసలు ప్రశ్న, ఆ తలుపు ఎవరికి తేలిగ్గా తెరుచుకుంటుందన్నది. 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకే సమాధానం చెప్పింది. గ్రేటర్ హైదరాబాద్‌లో ఎంపీలు, ఎమ్మెల్యేలు, అధికారులు, న్యాయమూర్తులు, జర్నలిస్టుల సొసైటీలకు స్థలాలిచ్చిన జీవోలను కొట్టేసింది. పలుకుబడి ఉన్న వర్గాలకు ప్రభుత్వ భూమిని ఇలా పంచడం సమానత్వ సూత్రానికి విరుద్ధమంది.

ఆ తీర్పును మనం బస్తీ వైపు నుంచి చదవాలి. ఉన్నవాళ్లకు ఇవ్వడం తప్పయితే, లేనివాళ్లకు ఇవ్వకపోవడం ఏమవుతుంది? విద్యార్థులు, కార్యకర్తలు చేయాల్సిన పని ఇక్కడే ఉంది. పాత రేషన్ కార్డులు, బడి రికార్డులు, కరెంటు బిల్లులు, పెద్దల జ్ఞాపకాలు ఇప్పుడే సేకరించాలి. రేపు నోటీసు వచ్చిననాడు బస్తీ చూపగలిగే చరిత్ర అదే.