బెంగళూరు నుంచి హైదరాబాదుకు గంటేనా?

బెంగళూరు నుంచి హైదరాబాదుకు విమానంలో ఎంతసేపు అని ఎవరినైనా అడిగి చూడండి, "ఎంత, ఒక గంట" అంటారు. ఆ గంటను నమ్ముకొని పెళ్లికి బయలుదేరారా, మీరు వెళ్లేసరికి అక్షింతలు వేయడం అయిపోయి విస్తళ్లు తీసేస్తూ ఉంటారు. అందుకని ఈ లెక్కను కాస్త విప్పి చూద్దాం.

ముందు దూరం. ఇది మీరే కట్టవచ్చు. దేవనహళ్లిలోని కెంపేగౌడ విమానాశ్రయానికీ, శంషాబాదుకూ అక్షాంశంలో తేడా నాలుగు డిగ్రీల పైచిలుకు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దాదాపు 450 అవుతుంది. శంషాబాదు తూర్పుకు మరో 78 కిలోమీటర్లు జరిగి ఉంది. బడిలో చదివిన లంబకోణ త్రిభుజం గుర్తుందిగదా! కర్ణం సుమారు 456 కిలోమీటర్లు వస్తుంది. అదే రోడ్డు మీద, ఊరి నుంచి ఊరికి, అనంతపురం, కర్నూలు మీదుగా 570 దాకా ఉంటుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 2008 మార్చిలో హైదరాబాదు విమానాశ్రయం బేగంపేట నుంచి దక్షిణాన శంషాబాదుకు మారింది. మే నెలలో బెంగళూరుది హెచ్.ఎ.ఎల్. నుంచి ఉత్తరాన దేవనహళ్లికి మారింది. రెండూ ఒకదానికొకటి ఎదురు నడిచాయన్నమాట! ఆకాశంలో దూరం 50 కిలోమీటర్లు తగ్గింది. తగ్గిందంతా నేల మీద మన నెత్తిన పడింది. మెజిస్టిక్ నుంచి దేవనహళ్లి సుమారు 35 కిలోమీటర్లు.

ఇక కాలం. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుంది కాబట్టి అరగంట చాలు అనిపిస్తుంది. కానీ పైకెక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి ఇంచుమించు అంతే. పూర్తి వేగంతో పోయేది మధ్యలో కాసేపే. పైగా రెండుచోట్లా రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి, పోవలసింది ఉత్తరానికి. గాలికి ఎదురుగా లేచి, ఆ తరువాత మలుపు తిరగాలి. అలా గాలిలోనే యాభై నిమిషాలు అవుతుంది. టైంటేబులు వేసేవారు రన్‌వే దాకా నడిచే నడకను కూడా కలిపి గంటా పది, గంటా ఇరవై నిమిషాలు అని వేస్తారు.

దీనికి ముందు రెండు గంటలు, ఇంటి నుంచి ట్రాఫిక్‌లో గంటన్నర, అక్కడ దిగి ఊళ్లోకి మరో గంట కలపండి. దాదాపు ఆరు గంటలు అవుతుంది. 2023 సెప్టెంబరులో మొదలైన యశ్వంత్‌పూర్-కాచిగూడ వందేభారత్ రైలుకు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. రెండింటికీ మధ్య తేడా మనం అనుకున్నంత ఏమీ కాదు.

ఈ మార్పు కలిసివచ్చింది మన అనంతపురం, హిందూపురం వాళ్లకే. ఢిల్లీకో దుబాయికో పోవాలంటే వాళ్లిప్పుడు బెంగళూరు ఊళ్లోకి రానక్కరలేదు. దేవనహళ్లి దగ్గరే దిగిపోవచ్చు.