కడుపులోని బిడ్డ కదలిక

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు గృహములలో అయిదవ మాసపు కోడలిని అత్తగారు "బిడ్డ మెదలుచున్నదా?" అని యడుగుట వాడుక. లేదని చెప్పవలసివచ్చిన తొలిచూలాలు కలతపడును.

సోదరీ, భయపడకుము. నీటిలో చేపపిల్ల మెదలినట్టి యా తొలి కదలిక 16 మొదలు 24 వారముల నడుమ తెలియును. తొలికాన్పున 20 వారములు దాటుటయు కలదు. మాయ గర్భాశయపు ముందుగోడ నంటియున్నను ఆలస్యమగును. 24 వారములకును తెలియకున్నచో వైద్యులకు చూపవలయును.

కదలిక అలవాటైన పిమ్మట తగ్గినచో ఉపేక్షింపరాదు. నెలలు నిండిన బిడ్డ కదలదను మాట సరికాదు. కాన్పువరకును కదలుచునే యుండవలయును. ఈ మూడు పట్టణములందును ప్రభుత్వాసుపత్రులున్నవి. 108కి ఫోను చేసినచో బండి ఉచితముగా వచ్చును. అర్ధరాత్రియైనను తెల్లవారువఱకు వేచియుండక బయలుదేరుడని మా మనవి.