పాత బాకీ ఉన్నవారికి అద్దె ఇల్లు దొరకదా?

పొట్టకూటి కోసం అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల నుంచి కుటుంబాలు బెంగళూరుకు తరలిపోవడం కొత్త కాదు. బోరుకో, పెళ్లికో తీసుకున్న రుణం కంతులు మధ్యలో ఆగి, సిబిల్ రికార్డులో మచ్చ పడినవారూ వీరిలో ఉంటారు. ఆ మచ్చ ఉంటే నగరంలో బాడుగకు ఇల్లు ఇవ్వరన్న భయం వీరిని వెన్నాడుతుంటుంది. ఈ భయంలో సగమే నిజం.

రుణ సమాచార సంస్థల చట్టం-2005 కింద ఈ నివేదికలను తెప్పించుకునేది ప్రధానంగా బ్యాంకులు, ఆర్థిక సంస్థలు. ఇంటి యజమాని తనంతట తానుగా అద్దెదారు నివేదికను తీసే వీలు లేదు. అద్దెదారు తెచ్చి చూపితేనే అది ఆయన కంటపడుతుంది. కొందరు యజమానులు అడుగుతున్న మాట వాస్తవమే. అలాంటప్పుడు జీతం రసీదులు, పాత ఇంటి అద్దె క్రమం తప్పక కట్టినట్లు తెలిపే బ్యాంకు పాసుపుస్తకం చూపడం మేలు. పాన్ నంబరు, పుట్టినతేదీ, ఖాతాల వివరాలన్నీ ఉండే నివేదికను వాట్సాప్‌లో పంపడం ఏమాత్రం క్షేమం కాదు.

నిజానికి యజమానికి అప్పు సంగతి తెలిసేది రికార్డు వల్ల కాదు, గేటు ముందు నిలబడి కేకలు వేసే వసూలు సిబ్బంది వల్ల. ఇల్లు ఖాళీ చేయమనే మాట అక్కడే పుడుతుంది. దీనికి అడ్డుకట్ట ఉంది. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత బాకీదారులకు ఫోన్లు చేయరాదని, నలుగురిలో అవమానించరాదని, కుటుంబ సభ్యులు, స్నేహితుల జోలికి పోరాదని 2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు రుణ సంస్థలను ఆదేశించింది. ఉల్లంఘిస్తే తొలుత సదరు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో బదులు రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. కొత్త చిరునామాను బ్యాంకుకు తెలపకుండా దాచడం మాత్రం తెలివైన పని కాదు. కోర్టు నోటీసులు పాత ఇంటికి వెళ్లి, తెలియకుండానే తీర్పు వెలువడే ప్రమాదముంది.

ఇక రికార్డు విషయం. బ్యాంకుతో రాజీ కుదుర్చుకుని తక్కువ మొత్తం కట్టినవారి ఖాతాకు ఎదురుగా ‘సెటిల్డ్’ అని ఉంటుంది. బాకీ తీరిపోయిందని చాలామంది పొరబడేది ఇక్కడే. మిగిలిన సొమ్ము చెల్లించి, బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకుంటే దానిని ‘క్లోజ్డ్’గా మార్పించుకోవచ్చు. ‘రైటాఫ్’ అంటే మాఫీ అనుకోవడమూ సరికాదు. అది బ్యాంకు లెక్కల సర్దుబాటే, వసూలు హక్కు అలాగే ఉంటుంది.

ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు ఏడాదికి ఒక్కోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తీర్చిన అప్పు ఇంకా బాకీగానే కనిపిస్తే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకుంటే, ఆపై రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది.

అనుమానం వచ్చిన యజమాని అడ్వాన్సు పెంచి అడగడమూ కద్దు. అంగీకరించేముందు ఆ మొత్తాన్ని, తిరిగి ఇచ్చే గడువును ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి. సొమ్మును చేతికి కాక బ్యాంకు ద్వారా చెల్లిస్తే, రేపు పేచీ వచ్చినా ఆధారం మిగులుతుంది.